‘నేను మందు తాగను, వైన్ మాత్రమే’

మీ కాలనీలోకి ఈపాటికి వచ్చే ఉంటుంది. రాకపోతే ఏడాదిలోగా వస్తుంది. నిన్నటిదాకా అది ఒక పాత డాబా ఇల్లు. ఇవాళ దాని గోడల పూత గీకేసి ఇటుకలు కనబడేలా చేశారు. వాకిట్లోని వేపచెట్టుకు పసుపుపచ్చని దీపాల తోరణాలు కట్టారు. లోపల బరువైన చెక్కబల్లలు, కూర్చుంటే లేవబుద్ధి కాని కుర్చీలు, ఒక గోడ పొడవునా పడుకోబెట్టిన సీసాలు, ఎదుటి గోడకు ఎవరూ తీసి చదవని పుస్తకాలు. తాగి తూలేవారు లేరు, నేల మీద ఉమ్ములు లేవు, బూతులు లేవు. ఒక స్త్రీ ఒంటరిగా వచ్చి కూర్చున్నా ఎవరూ తేరిపార చూడరు. దీనినే వైన్ బార్ అంటున్నారు.

ఈ వ్యాసం దానికి వ్యతిరేకంగా రాస్తున్నాను. అయితే అది బాగుండదని మాత్రం వాదించను. బాగుంటుంది. మా బంధువుల అమ్మాయి ఉద్యోగంలో పదోన్నతి వచ్చిందని అటువంటి ఒక చోట విందు ఇస్తే వెళ్లి రెండు గంటలు కూర్చుని వచ్చాను. నిమ్మరసం సోడా తెప్పించుకున్నాను. దాని ధరతో మా వీధి కూరగాయల బండి మీద రెండు రోజుల కూరలు వచ్చేవి. అయినా ఆ కుర్చీ, ఆ వెలుతురు, ఎవరూ తొందరపెట్టకపోవడం నాకూ హాయిగానే అనిపించాయి. అందుకే ఇది పర్మిట్ రూము కన్నా ఎక్కువ ఆలోచించవలసిన విషయమని అంటున్నాను. ప్లాస్టిక్ గ్లాసులు, ఉడకబెట్టిన శనగలు, మూత్రపు వాసన ఉన్న పర్మిట్ రూమును చూసి ఎవరూ మోసపోరు. లోపలికి వెళ్లేవాడికీ, బయట ఎదురుచూసే భార్యకూ అక్కడ జరిగేది ఏమిటో తెలుసు. అందమైన చోట ఆ ఎరుక జారిపోతుంది.

మన భాషే ఇందుకు కొంత సాయం చేసింది. మద్యానికి మనం పెట్టుకున్న వాడుక పేరు ‘మందు’. రోగం నయం చేసేదీ అదే మాట, రోగం తెచ్చేదీ అదే మాట. ఇక ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో బ్రాందీ, విస్కీ, బీరు తెగ అమ్ముడుపోతాయి. వైన్ సీసా మాత్రం ఏ మూలనో దుమ్ము పట్టి ఉంటుంది. ఇన్నాళ్లూ మనకు వైన్ అంటే దుకాణం పేరే గాని పానీయం కాదు. కనుక అసలు వైన్ ఒక నాజూకైన గ్లాసులో ఎదురైనప్పుడు, అది ‘మందు’ కిందికి రాదని చదువుకున్నవారు కూడా నమ్ముతున్నారు.

దీని ఫలితం డాక్టరు గదిలో కనబడుతుంది. రోగిని ‘మందు అలవాటు ఉందా?’ అని అడుగుతాం. ‘లేదు’ అంటారు. కాగితం మీద ‘లేదు’ అని రాసుకుంటాం. నేను పదవీ విరమణ చేయడానికి కొద్ది కాలం ముందు ఒక దంపతులు వచ్చారు. ఆమెకు నలభై దాటాయి, మంచి ఉద్యోగం. వార్షిక పరీక్షల్లో కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. రక్తంలో జీజీటీ అనే ఎంజైము ఉండవలసిన దానికన్నా బాగా ఎక్కువగా ఉంది. అలవాటు గురించి అడిగితే ఆమె కొంచెం నొచ్చుకుని, “నేను మందు తాగను డాక్టరుగారూ, వైన్ మాత్రమే” అన్నారు. భర్త తలూపారు. శుక్ర, శనివారాల్లో ఇంటి దగ్గర్లోని వైన్ బార్‌లో ఇద్దరూ కలిసి చెరో సగంగా ఒక సీసా. వారం మధ్యలో రెండు సాయంత్రాలు చెరొక గ్లాసు. అంతే. అబద్ధం ఒక్కటీ లేదు. నేను వారి ఎదుటే కాగితం మీద లెక్క వేశాను. ఆ లెక్క మీరూ ఒకసారి వేసుకోండి, కష్టమైనది కాదు.

సాధారణంగా వైన్‌లో 13 శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఒక మిల్లీలీటరు ఇథనాల్ బరువు సుమారు 0.79 గ్రాములు. కనుక 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 15 గ్రాముల ఇథనాల్ ఉన్నది. మన దేశంలో విస్కీ, బ్రాందీ 42.8 శాతంతో అమ్ముతారు. 30 మిల్లీలీటర్ల స్మాల్ పెగ్గులో సుమారు 10 గ్రాములు. అంటే ఒక గ్లాసు వైన్ ఒకటిన్నర పెగ్గుతో సమానం. ఇక 750 మిల్లీలీటర్ల సీసా మొత్తంలో 77 గ్రాములు. రోడ్డు పక్కన మనిషి చొక్కాలో దాచుకుని తాగే 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో ఉన్నది 61 గ్రాములు. మీరు మళ్లీ చదవనక్కరలేదు, పొరపాటు లేదు: ఆ వైన్ సీసాలో క్వార్టరు కన్నా ఎక్కువ ఇథనాల్ ఉంది. ఆమె వారం మొత్తం మీద తీసుకున్నది పదకొండు పెగ్గులకు దగ్గరగా ఉంది. ‘వారానికి పదకొండు పెగ్గులు’ అన్న మాట ఆమె ఎవరి గురించైనా విని ఉంటే ముక్కున వేలేసుకునేవారు. మూడు నెలలు పూర్తిగా మానేసి మళ్లీ వచ్చినప్పుడు జీజీటీ మామూలు స్థాయికి దిగింది.

కాలేయానికి గ్లాసు ఆకారం తెలియదు. ద్రాక్ష ఏ కొండ వాలున పండిందో తెలియదు. వచ్చిన ఇథనాల్‌ను అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది డీఎన్‌ఏను దెబ్బతీసే విషం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయాలను మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గమది. అన్నీ సమానంగా ప్రమాదకరమని ఈ వర్గీకరణకు అర్థం కాదు. రుజువు విషయంలో సందేహం లేదని అర్థం. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము, ఈ ఏడు చోట్లా మద్యం వలన క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రోజుకు 10 గ్రాముల ఇథనాల్‌కు ముప్పు సుమారు 7 శాతం చొప్పున పెరుగుతుందని 2002లో వెలువడిన పెద్ద ఉమ్మడి విశ్లేషణ చూపింది. వైన్ వలన అయినా, విస్కీ వలన అయినా అంతే. 7 శాతం అన్నది చిన్న సంఖ్యగా కనబడవచ్చు. కాని ఈ బార్లు ఎవరిని ఉద్దేశించి అలంకరించుకుంటున్నాయో చూడండి. ‘మగవాళ్ల మురికి బార్ కాదు, మీరు నిశ్చింతగా రావచ్చు’ అన్నది వాటి మొదటి ఆహ్వానం. ఒకే బరువున్న పురుషుడితో పోలిస్తే స్త్రీ శరీరంలో నీరు తక్కువ కనుక, అదే గ్లాసుకు ఆమె రక్తంలో ఆల్కహాల్ మోతాదు ఎక్కువగా చేరుతుంది. స్త్రీలు తాగకూడదు, పురుషులు తాగవచ్చు అనే వాదన నాది కాదు. ఆహ్వానం పంపినవాడు ఈ సంగతి కూడా పక్కనే రాయాలి కదా అంటున్నాను.

ఇక్కడ మీలో చాలామంది అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ‘రెడ్ వైన్ గుండెకు మంచిది కదా, డాక్టర్లే చెప్పారు కదా?’

ఈ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఫ్రెంచివారు వెన్న, జున్ను దండిగా తింటున్నా వారిలో గుండెజబ్బులు తక్కువగా ఉన్నాయనీ, బహుశా రెడ్ వైన్ కారణమనీ 1991 నవంబరులో అమెరికాలో ‘60 మినిట్స్’ అనే టీవీ కార్యక్రమం ప్రసారం చేసింది. అక్కడ రెడ్ వైన్ అమ్మకాలు అమాంతం పెరిగాయి. మరుసటి ఏడాది సెర్జ్ రెనో అనే శాస్త్రవేత్త ‘లాన్సెట్’ పత్రికలో దీనిపై రాసిన వ్యాసం ప్రసిద్ధికెక్కింది. విచిత్రం చూడండి: అదే 1991 జనవరిలో ఫ్రాన్స్ స్వయంగా మద్యం ప్రకటనలను కట్టడి చేస్తూ ఎవాఁ చట్టం తెచ్చుకుంది. తమ దేశస్థుల కాలేయాల పరిస్థితి వారికి తెలుసు. 1960ల నాటితో పోలిస్తే ఫ్రెంచివారి తలసరి మద్యపానం సగానికి పైగా తగ్గింది. వారు వదిలించుకుంటున్న అలవాటును మనం నాగరికత పేరుతో అలవరచుకుంటున్నాం.

తరువాత రెస్వెరట్రాల్ వచ్చింది. ద్రాక్ష తొక్కలో ఉండే పదార్థం. దీన్ని 2006లో ఎలుకలకు పెద్ద మోతాదులో ఇచ్చి చేసిన ప్రయోగం ప్రపంచమంతా వార్త అయింది. వైన్‌లో అది లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే. ఆ ఎలుకల మోతాదును ఎంత ఉదారంగా మనిషికి లెక్కగట్టినా రోజుకు పదులకొద్దీ సీసాలు తాగాలి. రెస్వెరట్రాల్ మీద విరివిగా రాసిన కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఒకరు తన వ్యాసాల్లో ఫలితాలను కల్పించారని ఆ విశ్వవిద్యాలయమే 2012లో ప్రకటించింది. ద్రాక్ష తొక్కలోని గుణం కావాలంటే ద్రాక్షను తొక్కతో తినవచ్చు. అనాబ్-ఎ-షాహీ పండించిన హైదరాబాదుకు ద్రాక్ష ఎలా తినాలో ఎవరూ నేర్పనక్కరలేదు.

‘కొద్దిగా తాగేవారు అసలు తాగనివారి కన్నా ఆరోగ్యంగా ఉన్నారు’ అని చెప్పిన పాత అధ్యయనాలు మరొక ఆధారం. వాటిలోని పెద్ద లోపాన్ని 1988లోనే బ్రిటిష్ పరిశోధకులు ఎత్తి చూపారు: ‘తాగనివారు’ అన్న గుంపులో, జబ్బు చేసి తాగడం మానుకున్నవారు కూడా ఉన్నారు. రోగిష్టివారితో పోల్చితే ఎవరైనా ఆరోగ్యంగానే కనబడతారు. ఆ లోపాన్ని సరిదిద్ది, 107 అధ్యయనాలను కలిపి చూసిన 2023 విశ్లేషణలో మితపానం ఆయుస్సు పెంచుతుందన్న ఆధారం నిలవలేదు. గుండె విషయంలో, ముఖ్యంగా పెద్ద వయసువారి విషయంలో శాస్త్రవేత్తల మధ్య వాదం ఇంకా ముగియలేదని నిజాయితీగా చెప్పాలి. క్యాన్సర్ విషయంలో ఆ వాదం లేదు. ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. గుండె కోసం వైన్ మొదలుపెట్టమని ఏ బాధ్యత గల హృద్రోగ నిపుణుడూ రాయడు. నడవమని రాస్తాడు. నడక అమ్మే బార్ ఇంకా తెరవలేదు కనుక ఆ సలహాకు ప్రచారం తక్కువ.

మన దేశంలో మద్యం ప్రకటనలు టీవీలో నిషిద్ధం. కాని ఆ గది మొత్తం ఒక ప్రకటనే. 2008లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక ప్రయోగంలో ఒకే వైన్‌ను 10 డాలర్లదని ఒకసారి, 90 డాలర్లదని ఒకసారి చెప్పి ఇస్తే, 90 డాలర్లదే రుచిగా ఉందన్నారు. మెదడులో ఆనందాన్ని నమోదు చేసే భాగం కూడా అప్పుడే ఎక్కువ స్పందించింది. మీరు రుచి చూస్తున్నది ద్రాక్షరసాన్ని మాత్రమే కాదు, ఇటుక గోడనూ దీపాల తోరణాన్నీ ధరల పట్టికనూ. గ్లాసు సంగతి మరీ ముఖ్యం. ఇంగ్లండులో 1700 ప్రాంతంలో సగటు వైన్ గ్లాసులో 66 మిల్లీలీటర్లు పట్టేది. 2017 నాటికి 449 పట్టేంత పెరిగింది. మూడు వందల ఏళ్లలో ఏడు రెట్లు. అంత పెద్ద గ్లాసులో 150 మిల్లీలీటర్లు అడుగున కాస్త తడిలా కనబడుతుంది. ‘ఇంతేనా’ అనిపిస్తుంది. పోసే మనిషి మర్యాదగా మళ్లీ నింపుతూ ఉంటే ఎన్ని గ్లాసులయ్యాయో లెక్క తప్పుతుంది. పెగ్గుకు కనీసం కొలత గిన్నె ఉంది.

2019 నుంచి మన దేశంలో ప్రతి మద్యం సీసా మీదా ‘మద్యపానం ఆరోగ్యానికి హానికరం’ అనే హెచ్చరిక ఉండాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన. మరి గ్లాసులో పోసి తెచ్చినప్పుడు ఆ సీసా ఎవరు చూశారు? సినిమాలో ఒక పాత్ర గ్లాసు ఎత్తితే తెర మూల హెచ్చరిక వేస్తాం. నిజంగా తాగే చోట, రెండు పేజీల పొడవున ద్రాక్ష రకాల వర్ణన ఉన్న పట్టికలో, ఆ ఒక్క వాక్యానికి చోటు దొరకదు.

ఇంటికి తిరిగి వెళ్లడం సంగతీ ఆలోచించండి. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. 60 కిలోల బరువున్న స్త్రీ ఒక్క గ్లాసు వైన్‌తోనే కాసేపటికి ఆ గీత దాటవచ్చు. 70 కిలోల పురుషుడు ఒక్క గ్లాసుతో గీత మీదే ఉంటాడు, రెండో గ్లాసుతో దాటడంలో సందేహం లేదు. ‘పక్క వీధే కదా’ అన్నది వైన్ బార్ ఇచ్చే మరొక ధీమా. పక్క వీధిలోనూ పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు.

ఒక విషయం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్య తరగతులకు వచ్చిన కూలి స్త్రీలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం వలన 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ మద్యనిషేధాన్ని ఎత్తివేశారు. నిషేధం మంచిచెడ్డల చర్చ ఇక్కడ చేయను. ఆ స్త్రీలకు డిగ్రీలు లేవు గాని, సారా ప్యాకెట్టును సారా ప్యాకెట్టుగానే చూశారు. డిగ్రీలున్న మనం పేదవాడి తాగుడును వ్యసనమనీ, మన తాగుడును జీవనశైలి అనీ పిలుస్తున్నాం. ఆస్పత్రి వార్డులో ఈ రెండు మాటలకు వేర్వేరు పడకలు ఉండవు. మన పట్టణాల్లో మధుమేహం, కొవ్వు కాలేయం ఎంత ఎక్కువో మీకు తెలుసు. ఆ కాలేయం మీద పడే ప్రతి గ్లాసు, ఆరోగ్యవంతుడి మీద పడే గ్లాసు కన్నా బరువైనది. ఇన్సులిన్ గాని, చక్కెరను దించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు ఖాళీ కడుపున వైన్ తాగితే అర్ధరాత్రి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. పక్కనున్నవారు మత్తు అనుకుని పడుకోనిస్తారు.

అయితే ఆ దీపాల చెట్టు కిందికి జనం ఎందుకు వెళుతున్నారు? ఇథనాల్ కోసమైతే వైన్స్ దుకాణం చవక. వెళ్లేది కూర్చోవడానికి. ఇల్లు కాని, ఆఫీసు కాని మూడో చోటు కోసం. హైదరాబాదులో ఆ పని ఒకప్పుడు ఇరానీ హోటల్ చేసింది. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు, పాలరాతి బల్ల, గంటసేపు మాటలు. ఎవరూ లేపేవారు కాదు. వాటిలో ఎన్నో మూతపడ్డాయి. ఉన్నవాటిలోనూ స్త్రీలు నిశ్చింతగా కూర్చోగలిగినవి ఎప్పుడూ తక్కువే, అది ఒప్పుకోవాలి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారికి, పుస్తకంతో పాటు నలుగురు కలిసే చోటు కావాలని తెలుసు. ఈనాటి మన కాలనీ నమూనా పటంలో అటువంటి గది ఒక్కటీ లేదు. చీకటి పడగానే పార్కు కాపలాదారు ఈల వేస్తాడు. కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లకు తప్ప తాళం తీయరు. రాత్రి ఎనిమిది దాటాక ఇద్దరు స్నేహితురాళ్లు కూర్చుని మాట్లాడుకోవడానికి ఊరంతా వెతికితే, మర్యాదగా దీపం వెలిగించి పెట్టింది వైన్ బార్ ఒక్కటే. ఆ లోటు మనం మిగిల్చినది. ఆయన దాన్ని కనిపెట్టి, కుర్చీకి అద్దెను వైన్ రూపంలో వసూలు చేస్తున్నాడు.

కనుక నేను ఆ బార్లను మూసేయమని అడగడం లేదు. లైసెన్సు ఇచ్చే ప్రభుత్వాన్ని అడిగేవి కొన్ని ఉన్నాయి. ధరల పట్టికలో ప్రతి గ్లాసు ఎదుటా అందులోని ఇథనాల్ ఎన్ని గ్రాములో రాయించాలి; రూపాయల అంకె ఎంత పెద్దదో ఆ అంకే అంత పెద్దదిగా. క్యాన్సర్ అనే మాట స్పష్టంగా తెలుగులో ఉండాలి. 2025 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్ మద్యం సీసాల మీద క్యాన్సర్ హెచ్చరిక ఉండాలని కోరారు. మనం వారి వైన్ బార్లను అనుకరిస్తున్నప్పుడు ఈ సంగతిని మాత్రం ఎందుకు వదలాలి? పోసే కొలతకు పై హద్దు పెట్టాలి. ఇంగ్లండులో పబ్బులు, బార్లు, రెస్టారెంట్లు కలిపి 21 చోట్ల తమ అతిపెద్ద వైన్ కొలతను నాలుగు వారాలు తీసేస్తే, అమ్ముడైన వైన్ మొత్తం సుమారు 7.6 శాతం తగ్గిందని 2024లో ప్రచురించారు. ఎవరినీ తిట్టకుండా, ఎవరినీ సిగ్గుపరచకుండా జరిగింది ఆ తగ్గుదల.

కాలనీ సంఘాలవారిని అడిగేది వేరు. కమ్యూనిటీ హాలు తాళం రాత్రి పది దాకా తీసి ఉంచండి. నాలుగు మంచి కుర్చీలు, కళ్లకు గుచ్చుకోని దీపాలు, టీ పెట్టే ఒక మనిషి. అంతకన్నా పెట్టుబడి అక్కరలేదు.

మిమ్మల్ని అడిగేది ఇంకొకటి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ‘మందు అలవాటు ఉందా?’ అని అడిగితే, ఉంది, లేదు అనకండి. వారానికి ఎన్ని గ్లాసులు, ఎన్ని మిల్లీలీటర్ల గ్లాసులు, సీసా ఎందరు పంచుకున్నారు, ఈ మూడూ చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. ఏ మాత్రలు వాడుతున్నారో, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందో కూడా అప్పుడే చెప్పండి. మిగతా లెక్క ఆయన వేస్తారు.